అక్క నాలుక

అక్క దారాన్ని పళ్ళతో కొరకడం మానేసిందని తమ్ముడు గమనించింది ఒక మంగళవారం మధ్యాహ్నం.

అరవై ఏళ్ళుగా చూస్తున్నాడు. బొత్తాం కుట్టడం, ముడి వెయ్యడం, కాస్త వంగి దారాన్ని పుటుక్కున కొరికెయ్యడం. మిషను పక్కన కత్తెర ఉన్నా అది గుడ్డ కోసమే. దారం పని పళ్ళదే. ఆ రోజు మాత్రం ముడి వేశాక కత్తెర కోసం తడుముకుంది. ఇంకో బొత్తానికీ అంతే. మూడోసారి కూడా తడుముకునేసరికి తమ్ముడు పేపరు పక్కన పెట్టాడు.

"పళ్ళు నొప్పా అక్కా?"

వినిపించుకోలేదు. చెవి మిషను బల్ల మీద ఉంది. కుట్టుమిషను మోత పడదని పని చేసేటప్పుడు తీసేస్తుంది. తమ్ముడు లేచి ఎదురుగా వెళ్ళి, తన చెంప మీద వేలు పెట్టి చూపించి మళ్ళీ అడిగాడు.

"నాకేం, రాయిలా ఉన్నాను. పన్నొకటి విరిగి గీసుకుంటోంది, అంతే. పో, పేపరు చదువుకో చిన్నోడా."

చిన్నోడికి డెబ్బై ఒకటి. అక్కకి డెబ్బై ఎనిమిది. తమ్ముడు పెళ్ళి పెటాకులు లేకుండా లిఫ్టుల కంపెనీలో నలభై ఏళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. బావగారు పోయాక అక్క ఇంటి పై గదిలోకి వచ్చేశాడు. తాడు ఎప్పుడు అరుగుతుందో, బ్రేకు ఎప్పుడు జారుతుందో అని ముందే భయపడటమే అతని ఉద్యోగం. ఉద్యోగం పోయింది కానీ భయం పోలేదు. గ్యాసు కట్టేశామా అని గుమ్మం దాటాక రెండుసార్లు వెనక్కి వస్తాడు. అక్క దగ్గు శబ్దం మారితే పై గదిలోంచి దిగి వస్తాడు. "నిన్ను పెట్టుకుంటే ఇంటికి వేరే అలారం అక్కర్లేదురా" అని అక్క వేళాకోళం చేస్తుంది.

ఆ సాయంత్రం భోజనం దగ్గర చూస్తే ఆవిడ కుడివైపే నములుతోంది. మూడు ముద్దలకి ఒకసారి నీళ్ళు తాగుతోంది. తమ్ముడు లేచి తన పాత పనిముట్ల సంచీలోంచి టార్చి తెచ్చాడు.

"నోరు తెరు."

"ఏం, అందులో లిఫ్టుందా?"

"అక్కా, తెరు."

విసుక్కుంటూనే తెరిచింది. నాలుక ఎడమ అంచున, విరిగిన పన్ను ఆనే చోట, చొక్కా బొత్తాం అంత పుండు. మధ్యలో ఎర్రగా, చుట్టూ తెల్లగా, అంచులు లేచి ఉంది. 

"ఎన్నాళ్ళయింది ఇది?"

అక్క నోరు మూసుకుని, గ్లాసు జరిపి, "వేసవికి ముందు" అంది. అంటే మూడు నెలలు దాటింది.

*

పళ్ళ డాక్టరు చూసిన మరుక్షణమే పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. అక్కడ నాలుక నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేవరకు తమ్ముడు ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిపాడు. అక్క మాత్రం మిషను దగ్గరే కూర్చుని ఎప్పటిలాగే పిల్లల యూనిఫాంలు కుట్టింది. కాకపోతే కుట్టినవే విప్పి మళ్ళీ కుట్టడం అతను రెండుసార్లు చూశాడు.

ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు తిన్నగా చెప్పే మనిషి. కాగితం బల్ల మీద పెట్టి, తమ్ముడి వైపు కాకుండా అక్క వైపే తిరిగి, గట్టిగా, విడమర్చి చెప్పాడు.

"ఇది క్యాన్సరేనమ్మా. నాలుక అంచున ఉంది. మెడలో ఒక బిళ్ళ, అంటే గ్రంథి, కూడా కాస్త అనుమానంగా ఉంది. నాలుకలో ఆ భాగం తీసెయ్యాలి. మెడలో ఆ వైపు బిళ్ళలు కూడా తీసెయ్యాలి. నా చేతిలో ఉన్న మంచి దారి అదే."

"నాలుక మొత్తమా?"

"కాదు. నాలుగో వంతు కంటే కొంచెం తక్కువ. మాట మారుతుంది, పోదు."

"చెయ్యకపోతే?"

"పెరుగుతుంది. కొన్ని నెలల్లో తినడం కష్టమవుతుంది. నొప్పి ఎక్కువవుతుంది. అయితే మీ వయసుకి ముందు ఒకరు చూడాలి. పెద్దవాళ్ళ డాక్టరమ్మ ఉంది పై అంతస్తులో. మీరు తట్టుకోగలరో లేదో ఆవిడ చెప్పాకే నేను కత్తి పట్టుకుంటాను."

తిరిగి వచ్చేటప్పుడు ఆసుపత్రి లిఫ్టు మూడో అంతస్తు దగ్గర చిన్నగా కీచుమంది. గైడు పట్టాలకి నూనె లేదు. ఇంకెప్పుడైనా అయితే ఎవరో ఒకరిని పట్టుకుని చెప్పేవాడు. ఆ రోజు అలాగే దిగి వెళ్ళిపోయాడు.

*

మేనకోడలు ఆదివారం వచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పోస్టాఫీసు కౌంటర్లో పని. అయినా ఆ ఇంట్లో ఆమె పేరు పాపే. వస్తూనే చెప్పులు కూడా సరిగా విప్పకుండా అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ బట్టల కొలతలు ఇవ్వడానికి వచ్చిన వాళ్ళతో వాకిట్లోకి వెళ్ళగానే గొంతు తగ్గించింది.

"ఈ వయసులో కోతలెందుకు మామయ్యా? ఉన్నన్నాళ్ళు నొప్పి తెలియకుండా చూసుకుందాం."

"డాక్టరు చెప్పింది ఫోన్లో విన్నావుగా పాపా. నెలల్లో తిండి పోతుందట."

"నాన్న విషయంలోనూ డాక్టరు చెప్పిందే విన్నాం."

 ఆరేళ్ళలో పాప ఆ మాట ఎత్తడం అదే మొదలు.

బావగారు స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, ఆపరేషను వద్దేమోనని పాప తటపటాయించింది. తమ్ముడే "చేయించేద్దాం, మనిషి లేచి నడుస్తాడు" అని తొందరపెట్టి, కాగితం మీద సంతకం కూడా తనే పెట్టాడు. తుంటి అతుక్కుంది. కానీ మత్తు దిగిన మర్నాటి నుంచి బావగారు ఎవరినీ గుర్తుపట్టలేదు. సొంత కూతుర్ని "ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు?" అని అడిగాడు. రెండు నెలలు అలాగే ఉండి, అలాగే పోయాడు. పాప మామయ్యని ఒక్క మాట అనలేదు. అననందుకే అది అతని గుండెలో అలాగే ఉండిపోయింది.

"ఈసారి నేను సంతకం పెట్టను. నువ్వు ఏమంటే అదే" అన్నాడు.

"నేను వద్దంటున్నాను."

"సరే అయితే..."

"ఏంటి సరే?" అంటూ గుమ్మంలో అక్క నిలబడింది. మెడలో టేపు వేలాడుతోంది, చెవిలో మిషను ఉంది. "నా నాలుక మీద మీరిద్దరూ ఓట్లేసుకుంటున్నారా? పెట్టె ఎక్కడుందో చెప్పండి, నా ఓటు కూడా వేస్తాను."

ఇద్దరూ తలలు దించుకున్నారు.

"ఆ డాక్టరమ్మ దగ్గరికి నేను వెళ్తాను. ఆవిడ వద్దంటే వద్దు. సరేనంటే అప్పుడు నేను చూసుకుంటాను. మీ నాన్నకి అడిగే తీరిక దొరకలేదు పాపా. నాకు దొరికింది."

*

డాక్టరమ్మ గది చిన్నది. చేతులు లేని కుర్చీ ఒకటి, నేల మీద తెల్ల టేపుతో వేసిన గీత, గోడకి పెద్ద అంకెల గడియారం. ఆవిడ అక్క చేత గీత వెంట నడిపించింది. చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేవమంది. అక్క లేచింది. అయిదోసారి మోకాళ్ళు కొంచెం ఆలోచించాయి, అయినా లేచింది. తమ్ముడు కూర్చున్నచోటే ప్రతిసారీ తనూ బలంగా ఊపిరి పీలుస్తూ, ఆమెతో పాటు లేస్తున్నంత అలసిపోయాడు.

"ఇప్పుడు మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. గొడుగు, తాళంచెవి, నిమ్మకాయ. కాసేపయ్యాక అడుగుతాను."

ఆ తర్వాత గడియారం బొమ్మ గీయించింది. బరువు చూసింది, నాలుగు కిలోలు తగ్గింది. ఏం తింటున్నారు, ఇంట్లో ఎవరున్నారు, ఈ ఏడాది పడ్డారా అని అడిగింది. తమ్ముడు మాత్రం ఇవేవీ సరిగా వినలేదు. గొడుగు, తాళంచెవి, నిమ్మకాయ అని లోపల జపం చేసుకుంటున్నాడు. ఆనాటి బావగారి ముఖం మనసులోంచి పోవడం లేదు. అక్క మర్చిపోతే? మర్చిపోతే ఆపరేషను లేదు. గుర్తుంటే ఆపరేషను. ఈ రెంట్లో తను ఏది కోరుకుంటున్నాడో తనకే తెలియలేదు.

"ఆ మూడు మాటలు చెప్పండమ్మా."

"గొడుగు," అంది అక్క. "తాళంచెవి." ఆగింది. గోడ వైపు చూసింది.

తమ్ముడి పెదాలు వాటంతటవే కదిలాయి. చివరికి శబ్దం లేకుండా నిమ్మకాయ పిండినట్టు వేళ్ళు కూడా కదిపాడు.

"బాబుగారూ," అంది డాక్టరమ్మ నవ్వకుండా, "మీరు కాసేపు బయట కూర్చుంటారా? మీకు కూడా పరీక్ష కావాలంటే తర్వాత పెడతాను."

వరండాలో పది నిమిషాలు పది గంటల్లా గడిచాయి. లోపలికి పిలిచేసరికి అక్క ముఖం గంటు పెట్టుకుని ఉంది.

"నిమ్మకాయ నాకు ముందే గుర్తొచ్చింది. నువ్వు ఆవు పాలు పిండుతున్నట్టు చేస్తుంటే చూసి కలవరపడ్డాను."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "మీ అక్కగారి వయసు డెబ్బై ఎనిమిదే. కానీ కాళ్ళు, గుండె, తెలివి ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఆపరేషను తట్టుకోగలరు. అయితే ప్రమాదం లేదని మాత్రం నేను అనను. కొందరు మత్తు దిగాక కొన్నాళ్ళు అయోమయంలో పడతారు. మింగేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇంకొకటి. ఈ నిద్రమాత్ర ఎన్నేళ్ళ నుంచి వేసుకుంటున్నారు?"

"మా ఆయన పోయినప్పటి నుంచి."

"అయోమయానికి అదొక దారి. మెల్లగా మాన్పించాలి."

ఆ మాత్రల డబ్బా ప్రతి నెలా మందుల షాపు నుంచి తెచ్చేది తమ్ముడే. ఇంట్లో కరెంటు బల్బు వేడెక్కినా అనుమానించే మనిషి, ఆ డబ్బా మీద ఏం రాసుందో ఆరేళ్ళలో ఒక్కసారి చదవలేదు.

డాక్టరమ్మ అక్క వైపు వంగింది. "మీకు అన్నిటికంటే ఏది ముఖ్యం? అది చెప్పండి. దాన్నిబట్టే మేం నడుస్తాం."

అక్క చాలాసేపు ఆలోచించింది. "నా నోటితో నేను తినాలి. నా మాట ఎదుటివాడికి అర్థం కావాలి. గొట్టంతో మంచాన పడి ఏళ్ళు లాగడం నాకొద్దు."

"అయితే ఆపరేషనే మీకు దగ్గరి దారి. మూడు వారాలు సమయం తీసుకుందాం. బాగా తినండి, నడవండి. మింగే కసరత్తులు ఇక్కడ మాట నేర్పే అమ్మాయి చూపిస్తుంది."

కాగితం మీద అక్క సొంతంగా సంతకం పెట్టింది. మూడు వారాలు పొద్దున్నే ఇద్దరూ వీధి చివర వరకు నడిచి వచ్చారు. అక్క ముందు, తమ్ముడు రెండడుగులు వెనక. విరిగిన పన్ను పీకించారు. రోజుకి రెండు గుడ్లు, పాలు, అరటిపళ్ళు. నిద్రమాత్ర సగమైంది, పావైంది, పోయింది. "ఇంత మేపుతున్నారు, పందేనికి పంపుతారా ఏంటి?" అని అక్క అడిగితే పాప మొదటిసారి కొంచెం నవ్వింది.

*

ఆపరేషను రోజు పొద్దున లోపలికి తీసుకెళ్ళే ముందు నర్సు కళ్ళజోడు, చెవి మిషను తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. "జాగ్రత్తండీ, పోతాయి" అంది. అతను మిషనుని డబ్బాలో పెట్టి, డబ్బాని రుమాల్లో చుట్టి, లోపలి జేబులో పెట్టి, పైనుంచి పిన్నీసు పెట్టుకున్నాడు. కళ్ళజోడుని సంచీ అడుగున బట్టల మధ్య దాచాడు.

నాలుగున్నర గంటలు పట్టింది. అంతా అనుకున్నట్టే జరిగిందని పెద్ద డాక్టరు చెప్పాడు. మర్నాడు చూడనిచ్చారు. ముక్కులో గొట్టం, మెడకి కట్టు, వాచిన ముఖం. కళ్ళు తెరిచి తమ్ముడి చెయ్యి నొక్కింది. అతనికి ప్రాణం లేచి వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం అతను వెళ్ళేసరికి అక్క మంచం మీద కూర్చుని దుప్పటి అంచు పట్టుకుని వేళ్ళతో కొలుస్తోంది. జాన, జాన, బెత్తెడు. మాట్లాడకూడదు కాబట్టి పక్కన ఒక పలక పెట్టారు. తమ్ముడు నవ్వుతూ, "ఏం కుడుతున్నావే?" అన్నాడు.

ఆవిడ అతని వైపు చూసింది. ఎవరో వీధిలోంచి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. పలక తీసుకుని వంకరగా రాసింది. "మీ చొక్కా రేపు."



"అక్కా, నేనే. చిన్నోణ్ణి."

ఆవిడ విసుగ్గా తల తిప్పుకుని, ముక్కులో గొట్టం మీద చెయ్యి వేసి లాగబోయింది. నర్సు పరుగున వచ్చి పట్టుకుంది. అక్క నర్సుని తోసేసింది. నోట్లోంచి మాట కాని ఒక అరుపు వచ్చింది. నలభై ఏళ్ళు ఇరవై అంతస్తుల లిఫ్టు గోతుల్లో వేలాడుతూ పని చేసినవాడు ఆ అరుపు విని గోడకి ఆనుకుపోయాడు.

పోస్టాఫీసు నుంచి నేరుగా వచ్చిన పాప మంచం కాళ్ళ దగ్గర నిలబడిపోయింది. అమ్మ ఆమెని కూడా గుర్తుపట్టలేదు.

"నాన్నకీ ఇలాగే మొదలైంది," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది అతనికి.

డాక్టరమ్మ పిలవకుండానే వచ్చింది. రక్తం, మూత్రం పరీక్షకు పంపింది. నొప్పి మందుల్లో ఒకటి ఆపేసి వేరేది రాసింది. కిటికీ తెర పూర్తిగా లాగేసింది. తర్వాత అక్క ముఖం దగ్గరికి వంగి చూసి, వెనక్కి తిరిగింది.

"ఈవిడకి చెవి మిషను ఉండాలే? కళ్ళజోడు ఏది?"

తమ్ముడి చెయ్యి తనంతట తనే జేబు మీదికి వెళ్ళింది. పిన్నీసు, రుమాలు, డబ్బా. రెండు రోజులుగా అతని గుండె మీదే ఉంది. పోతుందేమోనని. అక్క రెండు రోజులుగా ఏ మాటా వినపడని, ఏ ముఖమూ తేటగా కనపడని గదిలో, ఎవరెవరో వచ్చి సూదులు గుచ్చి పోతుంటే పడి ఉంది. అతనేమో పక్కనే కూర్చుని, జాగ్రత్తగా, జేబు తడుముకుంటూ ఉన్నాడు.

పిన్నీసు పాపే విప్పింది.

"నావల్లే," అన్నాడు. "అప్పుడూ నావల్లే పాపా. ఇప్పుడూ నావల్లే."

పాప చెవి మిషనుని డబ్బాలోంచి తీసింది. "అప్పుడు నాన్నకి కళ్ళజోడు పెట్టాలని నాకూ తోచలేదు మామయ్యా," అంది మెల్లగా. "నేనూ అక్కడే ఉన్నాగా."

చెవిలో మిషను, కళ్ళకి జోడు పెట్టగానే అంతా సర్దుకుపోలేదు. ఆ సాయంత్రం కూడా అక్క దుప్పటి కొలుస్తూనే ఉంది. మర్నాడు పగలంతా ఇద్దరూ వంతులు వేసుకుని కూర్చున్నారు. ఇవాళ బుధవారం అక్కా, ఇది ఆసుపత్రి, నాలుకకి ఆపరేషనైంది, నేను చిన్నోణ్ణి, అది పాప. గంటకోసారి అదే చెప్పారు. చెరోవైపు పట్టుకుని వరండాలో నడిపించారు. మూత్రంలో ఇన్ఫెక్షను ఉందని తేలి దానికి మందు మొదలుపెట్టారు. ఒక పూట తేటగా చూసేది, ఇంకో పూట మళ్ళీ ఎటో వెళ్ళిపోయేది. తేటగా చూసినప్పుడల్లా అతను ఆశపడేవాడు, అంతలోనే ఆ ఆశకి భయపడేవాడు.

అయిదో రోజు పొద్దున నర్సు ఇచ్చిన చిన్న అద్దంలో అక్క తన మెడ చూసుకుంటోంది. చెవి కింద నుంచి గడ్డం దాకా కుట్లు. చాలాసేపు పరీక్షగా చూసి, పలక తీసుకుంది.

"కుట్టు పనితనం ఫరవాలేదు. నువ్వేంటి గడ్డం గీసుకోలేదు చిన్నోడా?"

తమ్ముడు ఆ పలక పట్టుకుని వరండాలోకి వెళ్ళి, గోడకి తిరిగి నిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రాతని ఆ రోజంతా ఎవరినీ తుడవనివ్వలేదు. అక్క చెప్పాలనుకున్నవన్నీ పాత పేపరు మీద రాయాల్సి వచ్చింది.

*

ఇంటికొచ్చిన పది రోజులకి ముక్కులో గొట్టం తీసేశారు. మాట నేర్పే అమ్మాయి గడ్డం ఛాతీకి ఆనించి మింగడం నేర్పింది. మొదటి చెంచా పెరుగు దిగడానికి అయిదు నిమిషాలు పట్టింది. తమ్ముడు పక్కన నిలబడి తనూ గుటకలు వేశాడు. మాటలో ర పోయింది, డ సగమే మిగిలింది. 'ఒరేయ్' అనబోతే 'ఒయేయ్' అని వచ్చేది. "తిట్టినా తిట్టినట్టు లేదు" అని అక్క నొచ్చుకుంది. రోజూ గంటసేపు అద్దం ముందు కూర్చుని అక్షరాలు దిద్దుకునేది.

తీసిన ముక్కల రిపోర్టు ఆ వారంలోనే వచ్చింది. నాలుక అంచులు శుభ్రంగా ఉన్నాయి. మెడలో తీసిన ఇరవై మూడు బిళ్ళల్లో ఒక్కదాంట్లో మాత్రం చుక్కంత క్యాన్సరు ఉంది.

"బిళ్ళ దాటి బయటికి రాలేదు," అన్నాడు పెద్ద డాక్టరు. "ఇలాంటప్పుడు రెండు దారులు. ఆరు వారాలు రోజూ వచ్చి రేడియేషను పెట్టించుకోవచ్చు. మళ్ళీ వచ్చే అవకాశం కొంత తగ్గుతుంది. కానీ నోరు పుండవుతుంది, ఎండిపోతుంది, మింగడం మళ్ళీ కష్టం కావచ్చు. లేదా నెలనెలా వచ్చి చూపించుకుంటూ ఉండొచ్చు. రెండూ తప్పు కాదు."

"ఆ రేడియేషను కరెంటు పెట్టించేద్దాం," అంది పాప వెంటనే. ఆపరేషను వద్దన్న పాపే. "ఇంత దూరం వచ్చాక ఆ చుక్కని వదిలెయ్యడం ఏంటి?"

 తమ్ముడి మనసంతా పెట్టించమనే మొత్తుకుంటోంది. కానీ గొంతు దాటనివ్వలేదు.

అక్క ఇద్దరినీ చూసి, మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటూ చెప్పింది. ఇప్పుడిప్పుడే పెరుగు రుచి తెలుస్తోందట. మళ్ళీ గొట్టం దాకా వెళ్ళే పని తనకొద్దట. చూపించుకుంటూ ఉంటుందట.

"మళ్ళీ వస్తే, అప్పుడు లొంగకపోవచ్చమ్మా," అన్నాడు డాక్టరు. "అది కూడా తెలిసి చెప్పండి."

"తెలిసే," అంది.

పాప ముఖం తిప్పుకుంది. తమ్ముడికి ఆ రాత్రి అన్నం సహించలేదు. అరిగిన తాడుని చూసి కూడా మార్చకుండా వదిలేసిన రోజు అతని ఉద్యోగంలో ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు వదిలేసి, పైగా పక్కనే బతకాలి. రోజూ పొద్దున్నే మెడ తడిమి చూస్తానంటే అక్క చేతి మీద ఒక్కటిచ్చింది. బేరమాడగా ఆదివారానికి ఒకసారి ఒప్పుకుంది.

మూడో నెలలో ఒక ఆదివారం, మచ్చ కింద అతని వేలికి ఏదో తగిలింది. బఠాణీ గింజంత, గట్టిగా. వేలు తీసి మళ్ళీ పెట్టాడు. ఉంది.

"ఏంట్రా?" అంది అక్క. ర కొంచెం పలికింది. అతనికి అదీ పట్టలేదు.

"ఏం లేదు."

"నీ ముఖం చూసి ఏం లేదంటే ఎవరు నమ్ముతారు?" తన వేలు తనే పెట్టి చూసుకుంది. తర్వాత లేచి, మిషను మీద సగం కుట్టిన లంగాని మడిచి పక్కన పెట్టింది. 

సోమవారం స్కాను తీసి, సూదితో కాస్త నీరు లాగి పరీక్షకు పంపారు. గురువారం రమ్మన్నారు. ఆ మూడు రోజులు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అక్క ఆర్డర్లన్నీ పూర్తి చేసి, కొత్తవి తీసుకోలేదు. పాప రోజూ సాయంత్రం వచ్చి, ఏదో ఒక గిన్నె తోమి వెళ్ళిపోయేది. తమ్ముడు నడుస్తూ ఉన్నాడు. వీధి చివరికి, మళ్ళీ ఇంటికి. నేను ఆ రోజు గట్టిగా చెప్పి ఉంటే, అని ఒక చుట్టు. చెప్పి ఉంటే ఈ మూడు నెలలు ఆవిడ పెరుగైనా తినేదా, అని ఇంకో చుట్టు.

గురువారం పెద్ద డాక్టరు కంప్యూటరు తెర మీద రిపోర్టు చదివాడు.  తర్వాత కుర్చీ ఇటు తిప్పాడు.

"క్యాన్సరు కాదమ్మా. కోత మానేటప్పుడు లోపల ఊరిన కండ. నెమ్మదిగా కరుగుతుంది."

తమ్ముడు కుర్చీ అంచు పట్టుకున్నాడు. "అయితే పూర్తిగా పోయినట్టేనా డాక్టరుగారూ?"

"ఇవాళ్టికి లేదు. రెండేళ్ళు దాటేదాకా నేను అంతకంటే చెప్పను. వచ్చే నెల రండి."

చీటీ మీద తేదీ రాయించుకుని తమ్ముడు వచ్చేసరికి, ముందే బయటికి వెళ్ళిన అక్క వరండాలో కనపడలేదు. గాభరాగా అటూ ఇటూ చూశాడు. గోడ పక్క బెంచీ మీద, అక్క కంటే కాస్త పెద్దావిడ ఎవరో, చేతిలో కొత్త ఫైలు బిగించి పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన ఆవిడ కోడలు. "నాలుక కోస్తే ఇంక మాట ఉంటుందా అండీ?" అని ఆ పెద్దావిడ అడిగినట్టుంది. అక్క ఆవిడ వైపు పూర్తిగా తిరిగి కూర్చుని, మొద్దుబారిన నాలుకతో, అక్షరాలు మింగుతూ, చేతులు తిప్పుతూ చెప్పుకుపోతోంది. అయోమయం గురించి చెప్తోంది, కళ్ళజోడు దగ్గరే పెట్టుకోమంటోంది, పెరుగు గురించి చెప్తోంది. కోడలు అర్థంకాని చోట మళ్ళీ అడుగుతోంది. అక్క మళ్ళీ చెప్తోంది.

తమ్ముడు దూరంగా కిటికీ దగ్గరికి వెళ్ళి పాపకి ఫోను చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది. కౌంటరు దగ్గర ముద్రలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏమన్నారు మామయ్యా?"

"అది కాదన్నారు. వచ్చే నెల రమ్మన్నారు."

అవతల ముక్కు ఎగపీల్చిన శబ్దం వచ్చింది.

"తేదీ చెప్పు," అంది పాప. "ఆ రోజుకి ఇప్పుడే సెలవు రాసిస్తాను."